తెలిసినా ఎందుకు మార్చం? పురుగుల షెడ్డు, రీలింగ్ పొయ్యి, కరెంటు ఖర్చు



ఈసారి గూళ్ల రేట్ల గురించి కాదు, రోగాల గురించీ కాదు. కరెంటు, కట్టెల పొదుపు గురించి. ఈ మాట చదవగానే సగం మంది వేలితో పైకి తోసేసి తర్వాతి మెసేజికి పోతారని మాకు తెలుసు. అలా ఎందుకు తోసేస్తాం అనేదే ఈ వ్యాసం.

కరెంటు పొదుపు చేయండి అని మనకు చెప్పనివాళ్లు లేరు. శిబిరంలో చెప్తారు, కరపత్రంలో రాస్తారు, గోడ మీద కూడా రాస్తారు. ఎల్ఈడీ లైటు తక్కువ తింటుందని మన ఇళ్లల్లో చిన్నపిల్లలకూ తెలుసు. అయినా మా ఊళ్లో షెడ్డు షెడ్డూ తిరిగితే చోకు గుయ్యిమనే పాత ట్యూబులైట్లు ఇంకా కనిపిస్తాయి. రాత్రంతా ఆపకుండా తిరిగే హీటర్లు కనిపిస్తాయి. రీలింగ్ చేసే ఊర్లకు పోతే మూడు పక్కల మంట బయటికి కొట్టే పొయ్యిలు కనిపిస్తాయి. తెలియక కాదు. బద్ధకం అని కొందరు అంటారు, అదీ నిజం కాదు. తెల్లారి నాలుగుకి లేచి ఆకు కోసేవాళ్లను బద్ధకస్తులు అంటే ఎవరు ఒప్పుకుంటారు?

మనిషికి లాభమని తెలిసిన పనిని కూడా ఎందుకు చేయడు అని పరిశీలించే చదువు ఒకటి ఉంది. ప్రవర్తన శాస్త్రం అంటారు. ఈ దారిలో పనిచేసిన డేనియల్ కానెమన్‌కు 2002లో, రిచర్డ్ థేలర్‌కు 2017లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. పెద్ద ఫ్యాక్టరీలో కరెంటు లెక్క చూడటానికే ఒక ఇంజినీరు ఉంటాడు. మన రేరింగ్ షెడ్డు, చాకీ కేంద్రం, రీలింగ్ యూనిట్ లాంటి చిన్న పనిచోట్ల ఓనరు, కూలీ, లెక్కలవాడు అన్నీ ఒక్కరే. పురుగు జ్వరం నుంచి లేచిన పొద్దు కరెంటు బిల్లు ముందర పెట్టుకుని ఎవరు కూర్చుంటారు? అందుకే ఆ శాస్త్రం చెప్పే మాటలు పెద్దవాళ్లకన్నా మనకే ఎక్కువ పనికొస్తాయని మా అభిప్రాయం.

మొదటి అడ్డం: పంట భయం

కానెమన్, ఆయన తోడు పరిశోధకుడు ట్వెర్‌స్కీ కలిసి 1979లో ఒక సంగతి రాశారు. వంద రూపాయలు దొరికితే కలిగే సంతోషం కన్నా వంద రూపాయలు పోతే కలిగే బాధ చాలా పెద్దది. తర్వాత లెక్కలు కట్టినవాళ్లు సుమారు రెండింతలు అన్నారు.

దీన్ని మన షెడ్డులో పెట్టి చూడండి. నూరు గుడ్లు మేపితే 70 కిలోల గూళ్లు, కిలో 500 అనుకుంటే 35 వేల పంట. చలికాలంలో ఎవరో వచ్చి "రాత్రి రెండు గంటలు హీటర్ ఆపి చూడన్నా, పంటకు మూడు నాలుగు వందలు మిగులుతాది" అంటారు. మూడు వందల కోసం 35 వేల మీద చెయ్యి పెట్టమంటే ఎవరు పెడతారు? మా ఇంట్లో అయితే పెద్దమ్మ చీపురు తిప్పి కొడుతుంది. ఇది మొండితనం కాదు, సరైన లెక్కే. పొదుపు చెప్పేవాళ్లు ఈ భయాన్ని తీసివేయకుండా ఎన్ని కరపత్రాలు పంచినా వృథా.

కాబట్టి పురుగును తాకని పనుల నుంచి మొదలుపెట్టాలి. షెడ్డులో లైట్లు మారిస్తే పురుగుకు ఏమీ కాదు. ఫ్యాన్లు కూడా అంతే. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తింటే, ఇప్పుడు వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల లోపలే తిరుగుతుంది. ఐదు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు, 20 రోజులు తిరిగితే తేడా 54 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు అనుకుంటే ఒక పంటకు 378 రూపాయలు. ఏడాదికి ఐదారు పంటలు తీసేవాళ్లు మిగతాది వేసుకోండి. ఎండాకాలంలో మిద్దె మీద తెల్లగా సున్నం కొట్టడం, రేకుల మీద కొబ్బరి మట్టలు కప్పడం మన పెద్దలు ఎప్పుడో నేర్పినవే. కూలర్ తిరిగే గంటలు అక్కడే తగ్గుతాయి.

ఆ తర్వాత పొదుపూ పంటా రెండూ కలిసొచ్చే పనులు. చాకీకి మొదటి దశలో 28 డిగ్రీలు, రెండో దశలో 27, మూడులో 26, నాలుగులో 25, ఐదులో 24 ఉండాలని శిబిరాల్లో చెప్పేది మనకు తెలిసిందే. హీటర్ రాత్రంతా వదిలేస్తే గది 30 దాటుతుంది. గాలి పొడిబారుతుంది, ట్రేలో ఆకు వాడిపోతుంది, పురుగు తినదు. అంటే ఎక్కువ వేడి కరెంటును ఒక్కదాన్నే కాదు, ఆకును కూడా తింటాంది. "కరెంటు ఆదా" అని చెప్తే వినని రైతు "ఆకు వాడకుండా చూసుకో" అంటే వింటాడు. మాట మార్చినా పని అదే.

పురుగు మీద నేరుగా పడే మార్పులను మాత్రం చివరికి పెట్టుకోవాలి. అదీ తన షెడ్డులో కాకుండా ముందు పక్క ఊరివాళ్ల షెడ్డులో ఒక పంట చూసి, తర్వాత చేసుకోవాలి.

రెండో అడ్డం: కట్టె కంటికి కనపడదు

రీలింగ్ చేసే ఒక అన్నను అడిగాం, పొయ్యి ఎందుకు మార్చలేదని. "కట్టెల్లో ఏం మిగులుతాదప్పా? మార్కెట్లో గూళ్లు కిలోకి పది రూపాయలు అటూ ఇటూ అయితే నా నెల కట్టెలు అందులోనే వస్తాయి" అన్నాడు. ఆయన మాటలో నిజముంది. నూలు తయారీ ఖర్చులో పెద్ద భాగం గూళ్లదే. కాబట్టి రీలర్ కన్నంతా వేలం మీదే. కట్టె బండి వచ్చినప్పుడు డబ్బు ఇచ్చేస్తాడు, మర్చిపోతాడు. మనిషి చూపు ఒక్కచోటే ఉంటుంది, అన్నిచోట్లా ఉండదు.

1990 దశకంలో టెరి అనే పరిశోధన సంస్థ స్విట్జర్లాండ్ ప్రభుత్వ సాయంతో కర్ణాటక రీలింగ్ యూనిట్ల కోసం గ్యాసిఫైయర్ పొయ్యి తయారు చేసింది. కట్టెను నేరుగా మండించకుండా తక్కువ గాలిలో కాల్చి, వచ్చిన గ్యాసును మండించే పద్ధతి. కట్టె తక్కువ, పొగ తక్కువ. అయినా ఇప్పుడు రీలింగ్ వీధుల్లో తిరిగితే మామూలు పొయ్యిలే ఎక్కువ కనిపిస్తాయి.

ఆ పొయ్యిని "కట్టె మిగులుతుంది" అని అమ్మితే పైన చెప్పిన అన్న లాంటివాళ్లకు పట్టదు. మంట సమంగా ఉంటే బేసిన్‌లో నీళ్ల వేడి సమంగా ఉంటుంది, పోగు తెగడం తగ్గుతుంది, వేస్టు తగ్గుతుంది, రెండిట్టా బాగుపడుతుంది. రీలర్ రోజూ చూసే లెక్క అదే. ఆయన చూపు ఉన్నచోటికే మన మాట పోవాలి. ఆయన చూపును మన మాట దగ్గరికి లాగడం అయ్యే పని కాదు.

మూడో అడ్డం: పని ఒకరిది, లాభం ఇంకొకరిది

ఇది మన పరిశ్రమకు అన్నిటికన్నా పెద్దదని మేము అనుకుంటాం. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తాం.

పాకిస్తాన్‌లో సియాల్‌కోట్ అని ఒక ఊరు ఉంది. ప్రపంచంలో ఆడే ఫుట్‌బాళ్లలో చాలా భాగం అక్కడి చిన్న పెద్ద కార్ఖానాల్లో తయారవుతాయి. బంతి మీద ఐదు మూలల, ఆరు మూలల ముక్కలు ఉంటాయి కదా, వాటిని రెక్సిన్ లాంటి షీటు నుంచి అచ్చు పెట్టి కోస్తారు. కొందరు పరిశోధకులు షీటు వేస్టు తగ్గేలా ఒక కొత్త అచ్చు తయారు చేసి కొన్ని కార్ఖానాలకు ఉచితంగా ఇచ్చారు. ఖర్చు లేదు, లాభం లెక్క కళ్లముందే ఉంది. 15 నెలలు గడిచినా వాడినవాళ్లు చాలా తక్కువ.

కారణం వెతికితే కోతపనివాళ్ల దగ్గర దొరికింది. వాళ్లకు ముక్కకింత అని కూలి. కొత్త అచ్చుతో మొదట్లో చెయ్యి నెమ్మదిస్తుంది, కూలి పడిపోతుంది. మిగిలిన షీటు లాభం ఓనరుది. మరి వాళ్లు ఏం చెప్తారు? "ఇది పనికిరాదు సార్" అని చెప్తారు. ఓనరు నమ్ముతాడు. తర్వాత పరిశోధకులు ఒక పని చేశారు. కొన్ని కార్ఖానాల్లో ఒక కోతపనివాడికి, ఒక అచ్చువేసేవాడికి ఇంచుమించు ఒక నెల జీతం అంత డబ్బు ఇస్తామన్నారు. షరతు ఒక్కటే: కొత్త అచ్చును ఓనరు ముందర సరిగ్గా వాడి చూపించాలి. అంతే, అక్కడ వాడకం బాగా పెరిగింది. ఈ పరిశోధన 2017లో అచ్చయింది.

ఇప్పుడు మన రీలింగ్ పొయ్యి దగ్గరికి రండి. మామూలు పొయ్యిలో పెద్ద మొద్దు దూర్చి వదిలేయవచ్చు. గ్యాసిఫైయర్‌కు కట్టెను చిన్న ముక్కలుగా కొట్టాలి. ఆ కొట్టే పని పొయ్యి దగ్గర ఉండే మనిషిది. మిగిలే కట్టె డబ్బు ఓనరుది. ఆ మనిషి రెండు వారాలు కొట్టి, మూడో వారం "ఇది సరిగా మండదన్నా" అంటాడు. తప్పు ఆయనది కాదు. కట్టె కొట్టడానికి రోజుకు ఇంత అని మొదటి రెండు నెలలు విడిగా ఇచ్చి ఉంటే కథ వేరేగా ఉండేది.

మన షెడ్లలో కూడా ఇదే. చాకీ కేంద్రంలో రాత్రి కాపలా మనిషి గంటకోసారి లేచి థర్మామీటరు చూసి హీటర్ ఆపాలి, వేయాలి. ఆపడం మర్చిపోతే ఎవరూ ఏమీ అనరు. వేయడం మర్చిపోతే పురుగు చలికి ముడుచుకుంటుంది, పొద్దున్నే తిట్లు. అలాంటప్పుడు ఆయన ఎప్పుడూ వేసే ఉంచుతాడు. మేమైనా అంతే చేస్తాం. ఇంట్లో పనులూ అలాగే. షెడ్డు పని ఎక్కువగా ఆడవాళ్లు చేస్తారు, బిల్లు మగవాళ్లు కడతారు, శిబిరానికీ మగవాళ్లే పోతారు. హీటర్ స్విచ్చి దగ్గర ఉండే మనిషికి చెప్పకుండా బిల్లు కట్టే మనిషికి చెప్తే ఏం మారుతుంది? ఏ ఊళ్లో శిబిరం పెట్టినా అక్కలను పిలవండి. మిగిలిన డబ్బులో కొంత ఎవరి చేతికి పోవాలో కూడా ముందే మాట్లాడుకోండి.

డబ్బు చేతిలో ఉన్న రోజు

కెన్యా దేశంలో మొక్కజొన్న రైతులు ఎరువు వేస్తే లాభమని తెలిసీ కొనేవాళ్లు కాదు. ఎరువు వేసే కాలానికి చేతిలో డబ్బు ఉండేది కాదు. డూఫ్లో, క్రెమర్, రాబిన్సన్ అనే పరిశోధకులు అక్కడ ఒక పద్ధతి పెట్టి చూశారు. పంట అమ్మిన వెంటనే, డబ్బు చేతిలో ఉన్నప్పుడే, ఇంటి దగ్గరికి వచ్చి ఎరువు చీటీ అమ్మారు. ఎరువు మాత్రం తర్వాత అవసరమైనప్పుడు తెచ్చి ఇస్తారు. కొన్నవాళ్లు బాగా పెరిగారు. ధర కాదు, అడిగిన రోజు మారింది.

మనకు శిడ్లఘట్టలోనో, రామనగరలోనో, ధర్మపురిలోనో, హిందూపురంలోనో గూళ్లు అమ్మిన రోజు చేతిలో డబ్బు ఉంటుంది. రెండు వారాలు పోతే ఆకు కూలి, ఎరువు, పిల్లల ఫీజు, చీటీ పాట, ఏదో ఒకటి దాన్ని తినేస్తుంది. అధికారులు, కంపెనీలవాళ్లు థర్మోస్టాట్ గురించి పంట మధ్యలో వచ్చి చెప్తారు. అప్పుడు జేబు ఖాళీ, బుర్ర నిండా పురుగే. మార్కెట్ గేటు దగ్గర, గూళ్ల డబ్బు పడిన పొద్దు, "వచ్చే పంటకు ఇప్పుడే కట్టండి, మేమే వచ్చి బిగిస్తాం" అనేవాడు ఉంటే ఎంతమంది తీసుకుంటారో చూడాలి. మన సంఘాలు ఈ పని చేయగలవు, పెద్ద ఖర్చేమీ లేదు.

వాయిదా కూడా అంతే ముఖ్యం. నైరోబీ నగరంలో బొగ్గు తక్కువ తినే కుంపటి ఒకటి కొంటే కొన్ని నెలల్లోనే దాని ధర మిగులుతుందని తేలింది. అయినా జనం ఒక్కసారిగా పెట్టడానికి ఒప్పుకున్న ధర చాలా తక్కువ. మూడు నెలల వాయిదా ఇస్తే అదే జనం రెండింతలకు పైగా ఇస్తామన్నారు. మన దేశంలోనే 2015లో మొదలైన ఎల్ఈడీ బల్బుల పథకంలో చాలాచోట్ల ముందు 10 రూపాయలు కట్టి బల్బు తీసుకుంటే మిగతాది నెలకు 10 చొప్పున కరెంటు బిల్లులో కలిపేవాళ్లు. బల్బు వల్ల బిల్లు తగ్గిన దాంట్లోనే ఆ పది పోతుంది కాబట్టి భారం తెలియలేదు. షెడ్డు ఫ్యాన్లకు, హీటర్ థర్మోస్టాట్లకు అలాంటి ఏర్పాటు ఎందుకు ఉండకూడదు అని మా ప్రశ్న.

జానెడు బొక్క

1988లో అచ్చయిన ఒక పరిశోధనలో, అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇళ్లకు వచ్చి కరెంటు లెక్క చూసేవాళ్లకు మాట్లాడటంలో శిక్షణ ఇచ్చారు. "మీ తలుపు సందులు మూసుకుంటే ఇంత మిగులుతుంది" అనకుండా, "ఈ సందులన్నీ కలిపితే మీ గోడలో బాస్కెట్‌బాల్ అంత బొక్క ఉన్నట్టు, అలాంటి బొక్క ఉంటే ఊరుకుంటారా?" అని అడగమన్నారు. ఇంత మిగులుతుంది అనకుండా ఇంత పోతోంది అని చెప్పమన్నారు. మరమ్మతుకు ఒప్పుకున్నవాళ్లు పెరిగారు.

మన షెడ్డుకు లెక్క వేద్దాం. రెండు తలుపులు, ఒక్కోటి 4 అడుగుల వెడల్పు, కింద ఒక అంగుళం సందు. 48 అంగుళాలు రెండుసార్లు, 96 చదరపు అంగుళాలు. అంటే గోడలో జానెడు పొడుగు, జానెడు వెడల్పు బొక్క కన్నా పెద్దది. డిసెంబరు చలిలో రాత్రంతా ఆ బొక్క తెరిచిపెట్టి పక్కన 2 కిలోవాట్ల హీటర్ వేసి పడుకుంటున్నాం. 10 గంటలు వేస్తే 20 యూనిట్లు. సందులు మూసి, థర్మోస్టాట్ పెడితే హీటర్ సగం సేపే తిరుగుతుందని అనుకోండి, రాత్రికి 10 యూనిట్లు, 70 రూపాయలు. రోజూ పొద్దున్నే షెడ్డు గడప దగ్గర 70 రూపాయలు పారేసి పోతే మనకు ఎలా ఉంటుంది?

ఇక్కడ ఒక హెచ్చరిక. సందులు మూయమన్నామని షెడ్డు మొత్తం ప్లాస్టిక్‌తో బిగించవద్దు. పురుగు పెద్దదయ్యేకొద్దీ గాలి ఎక్కువ కావాలి, ఐదో దశలో ముఖ్యంగా. మూయాల్సింది అదుపులో లేని సందులు. పైన గాలి పోయే కిటికీలు మన చేతిలో తెరిచి మూసుకునేలా ఉండాలి. జ్వరంలో ఉన్నప్పుడు గాలి ఆడాలి, తడి ఉండకూడదు. బొగ్గు కుంపటి పెట్టేవాళ్లయితే ఇంకా జాగ్రత్త. మూసిన గదిలో బొగ్గు కాలితే వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, రంగు ఉండదు. పురుగుకే కాదు, అక్కడ పడుకున్న మనిషికీ ప్రాణం మీదికి వస్తుంది. కుంపటి ఉన్న గదిలో ఎవరూ నిద్రపోవద్దు.

మనం మర్చిపోయినా పని జరిగేలా

మనుషులు ముందే ఎలా పెట్టి ఉంటే అలాగే వదిలేస్తారు. ఇది ప్రవర్తన శాస్త్రంలో బాగా రుజువైన మాట. మన కేంద్ర ప్రభుత్వం దీన్ని వాడుకుంది. 2020 జనవరి నుంచి మన దేశంలో అమ్మే గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నియమం పెట్టారు. తగ్గించుకోవద్దని ఎవరూ అనలేదు. కానీ రిమోట్ తీసి మార్చేవాళ్లు కొందరే.

థర్మోస్టాట్ చేసేది ఇదే. రాత్రి లేవాల్సిన పని ఉండదు, కాపలా మనిషిని తిట్టాల్సిన పని ఉండదు. డిగ్రీ పెట్టి వదిలితే అదే వేస్తుంది, అదే ఆపుతుంది. కొనేటప్పుడు 2 కిలోవాట్ల హీటర్ సుమారు 9 ఆంపియర్లు లాగుతుందని గుర్తుపెట్టుకుని, 16 ఆంపియర్లు తట్టుకునేది తీసుకోండి. తక్కువది పెడితే కాలిపోతుంది. సెన్సార్ తీగను హీటర్ పక్కన కాకుండా పురుగుల ట్రేల ఎత్తులో, షెడ్డు మధ్యలో వేలాడదీయండి. దశ మారినప్పుడల్లా డిగ్రీ తగ్గించాలి, అది మాత్రం దానికి తెలియదు. గోడ మీద సుద్దతో దశల డిగ్రీలు రాసి పెట్టుకుంటే చాలు.

బావి మోటారు సంగతి వేరు

కర్ణాటకలో 10 హెచ్‌పీ వరకు ఐపీ సెట్లకు కరెంటు ఉచితం, తమిళనాడులోనూ వ్యవసాయ కరెంటు ఉచితం. బిల్లే రానిచోట కరెంటు పొదుపు అని చెప్పడం గాలిలో మాట. కోలారు, చిక్కబళ్లాపురం వైపు వెయ్యి అడుగులు దాటిన బోర్లలో నీళ్లు ఉన్నాయా లేదా అనేదే దిగులు. మల్బరీకి డ్రిప్ వేస్తే అదే నీళ్లు ఎక్కువ సాళ్లకు వస్తాయి, కరెంటు ఉన్న ఆ కొన్ని గంటల్లోనే తోట మొత్తం తడుస్తుంది. ఇక్కడ మాట్లాడాల్సింది నీళ్ల గురించి, గంటల గురించి. కరెంటు పొదుపు దాని వెనకే దానంతట అదే వస్తుంది. ఇంతకన్నా దీని మీద రాయడానికి లేదు.

పక్కింటివాళ్లు ఎంత కాలుస్తున్నారు?

అమెరికాలో శాన్ మార్కోస్ అనే ఊళ్లో ఇళ్ల తలుపులకు రకరకాల చీటీలు తగిలించారు. కొందరికి "పర్యావరణం కాపాడండి", కొందరికి "డబ్బు మిగుల్చుకోండి", కొందరికి "మీ వీధిలో ఎక్కువమంది ఇప్పటికే పొదుపు చేస్తున్నారు" అని. తర్వాత మీటర్లు చూస్తే అందరికన్నా ఎక్కువ తగ్గించింది పక్కింటివాళ్ల మాట చదివినవాళ్లే. వింత ఏమంటే, మీరు ఎందుకు పొదుపు చేస్తారు అని అడిగితే పక్కింటివాళ్లను చూసి అని చెప్పినవాళ్లు అందరికన్నా తక్కువ. మనం కూడా ఒప్పుకోం. కానీ ఊళ్లో ఒకరు కొమ్మల పద్ధతి మొదలుపెట్టాక అందరూ ఎలా మొదలుపెట్టారో గుర్తు తెచ్చుకోండి. శాఖవాళ్ల పుస్తకం చూసి కాదు, పక్కవాళ్ల గూళ్ల బరువు చూసి.

అదే ఊళ్లో ఇంకో పరీక్ష కూడా చేశారు, 2007లో అచ్చయింది. సగటు ఎంతో, మీది ఎంతో రాసి ఇచ్చారు. ఎక్కువ వాడేవాళ్లు తగ్గించారు. తక్కువ వాడేవాళ్లు మాత్రం "ఓహో, మనం ఎక్కువే పొదుపు చేస్తున్నాం" అనుకుని పెంచేశారు. వాళ్ల చీటీ మీద ఒక నవ్వు బొమ్మ వేస్తే పెంచడం ఆగిపోయింది. ఒక్క నవ్వు బొమ్మ! తర్వాత అమెరికాలో ఇలాంటి పోలిక చీటీలను సుమారు 6 లక్షల ఇళ్లకు పంపి లెక్క చూస్తే సగటున 2 శాతం తగ్గింది. చిన్నదే. చీటీతోనే అంతా మారిపోతుందని మేము చెప్పం. కానీ చీటీకి అయ్యే ఖర్చు కూడా చిన్నదే. మనకైతే అదీ లేదు, ఈ గ్రూపు ఉంది.

అందుకని దసరా తర్వాత వేసే చలికాలపు పంటల నుంచి ఒక పోలిక మొదలుపెడదాం అనుకుంటున్నాం. పద్ధతి ఇది.

షెడ్డు లైనుకు విడిగా చిన్న సబ్‌మీటర్ ఉంటే మంచిది, లేకపోతే ఇంటి మీటరే చూడండి. పురుగు షెడ్డులోకి వచ్చిన రోజు ఒక రీడింగ్, గూళ్లు విడిపించిన రోజు ఒక రీడింగ్. కట్టె, బొగ్గు వాడితే కిలోలు. ఎన్ని గుడ్లు, ఎన్ని కిలోల గూళ్లు. షెడ్డు మిద్దెనా, రేకులా, పెంకులా. చాకీ ఇంట్లో చేశారా, కేంద్రం నుంచి తెచ్చారా. ఇంతే, ఫోటో తీసి అడ్మిన్‌కు విడిగా పంపండి, గ్రూపులో పెట్టకండి. ఎవరి పేరూ బయటికి రాదు. నూరు గుడ్లకు ఎన్ని యూనిట్లు అయ్యాయో మేమే లెక్క కట్టి, మీది ఎంతో, మీలాంటి షెడ్లలో సగటు ఎంతో మీకు ఒక్కరికే పంపిస్తాం.

తళి, డెంకణికోట వైపు చలి ఎక్కువ. అక్కడివాళ్లను కోలారు మైదానం వాళ్లతో పోల్చం, ఏ ప్రాంతానికి ఆ ప్రాంతమే. గూళ్ల బరువు ఎందుకు అడుగుతున్నాం అంటే, పురుగును చలికి వదిలేసి యూనిట్లు తగ్గించామని ఎవరూ గొప్ప చెప్పుకోకూడదు. గూళ్లు తగ్గినచోట యూనిట్లు తగ్గినా దాన్ని పొదుపు కింద లెక్క వేయం. బాగా తక్కువ వాడి, గూళ్లు కూడా బాగా తీసినవాళ్లకు నవ్వు బొమ్మ తప్పకుండా ఉంటుంది. వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల షెడ్డు చూడటానికి ఒక ఆదివారం అందరం పోదాం. హీటర్ స్విచ్చి దగ్గర ఉండే అక్కలు తప్పక రావాలి.

రీలింగ్ అన్నలు కూడా కలిస్తే వాళ్లకు వేరే పట్టిక: కిలో నూలుకు ఎన్ని కిలోల కట్టె, రెండిట్టా ఎంత. చాకీ కేంద్రాలవాళ్లు నూరు గుడ్ల లెక్కనే పంపవచ్చు.

మొదటి రీడింగ్ పురుగు దించిన రోజే తీయాలి, రెండు రోజులు పోయాక గుర్తొస్తే ఆ పంటను వదిలేసి తర్వాతి పంటకు పంపండి. మీటరులో చివర ఎర్ర అంకె ఉంటే దాన్ని రాయకండి, నల్ల అంకెలు మాత్రమే. డిజిటల్ మీటరైతే స్క్రీను మారుతూ ఉంటుంది, కేడబ్ల్యూహెచ్ అని వచ్చినప్పుడు ఫోటో తీయండి.